పాలు తాగి పడుకుంది

బహ్రెయిన్‌లో మేమున్నది నయీమ్‌లో, ఒక దర్జీ దుకాణం మీద, రెండు గదుల్లో. మా ఊళ్ళో ఎవరినడిగినా నేను దుబాయిలో ఉన్నాననే చెప్పేవాళ్ళు. ఇది దుబాయి కాదే అని మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు, చివరికి నేనే విసుగొచ్చి ఊరుకున్నాను. మా ఆయన ఒక కంపెనీలో వ్యాను నడిపేవాడు. పొద్దున పిల్లలిద్దరినీ స్కూలు బస్సెక్కిస్తే మళ్ళీ మధ్యాహ్నం దాకా నాకు గోడలే తోడు. అలాంటి నేను, రిఫాలో విల్లాల్లో ఉండే ఆడవాళ్ళ సంఘంలో మెంబరునయ్యానంటే అది ఒక్క మనిషి చలవే.

ఆమె టీచరు. మనవాళ్ళ పిల్లలు చదివే స్కూల్లో సోషల్ చెప్పేది. కృష్ణా జిల్లా మనిషి. ఆసుపత్రిలో పడి ఉన్న ఒక పనమ్మాయిని చూడటానికి వచ్చి, పక్క మంచం మీదున్న మా కింది దర్జీ భార్యకు గంజి తాగిస్తున్న నన్ను పలకరించింది. ఆ వచ్చే శుక్రవారం తన కారులో మీటింగుకు తీసుకుపోయింది. మన చరిత్ర మరవకూడదు, దేశాన్ని మరవకూడదు, తోటి మనిషికి చేతనైంది చెయ్యాలి – సంఘం పెట్టింది ఇందుకని దారిపొడుగునా చెప్పింది. నేను ఊఁ కొడుతూ, నా చీర అక్కడికి సరిపోతుందా లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మీటింగంటే ముందు దీపం, తర్వాత దేశభక్తి గీతం. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వాళ్ళు పట్టేవారు. ఆ తర్వాత ఉప్మా, ఆ పైన ఈ వారం ఆసుపత్రికెవరు, లేబర్ క్యాంపులో జ్వరాలొచ్చిన కూలీలకి అన్నం ఎవరు పంపుతారు అన్న మాటలు. కొత్తగా చేరినవాళ్ళకొక ఆనవాయితీ ఉండేది. లేచి నిలబడి, దేశం కోసం తన ఇంటి పెద్దలు ఏం చేశారో చెప్పాలి. ఒకామె తాత ఉప్పు వండాడు. ఒకామె మేనమామ విదేశీ బట్టలు తగలబెట్టాడు. నా వంతు వచ్చింది. మా తాత రజాకార్లకు భయపడి జొన్నచేనులో దాక్కున్నాడని చెప్పాను. మాకు స్వాతంత్ర్యం మీకన్నా ఏడాది ఆలస్యంగా వచ్చిందని కూడా అన్నాను. కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. దాక్కుని బతికినవాళ్ళది కూడా చరిత్రే, రాసుకోండి అంది. ఆ మాటకే ఆమెకు నేను పడిపోయాను.

టీచరు ఇంటి చరిత్ర మా అందరికీ నోటికొచ్చు. క్విట్ ఇండియా రోజుల్లో వాళ్ళ అమ్మా నాన్నా ఇద్దరూ జైలుకెళ్ళారు. నాన్న ఒక జైల్లో, అమ్మ ఎక్కడో అరవదేశంలో ఆడవాళ్ళ జైల్లో. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారట. "మా అమ్మ రాయలేదు" అని టీచరు ప్రతి ఏడూ ఆగస్టులో స్టేజీ మీద చెప్పేది. సరిగ్గా అక్కడ ఆమె గొంతు పూడుకుపోయేది. మేం చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని ఉండేవాళ్ళం. వేళాకోళానికి అంటున్నాను గానీ, ఆ మాట దగ్గర నాకూ ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది.

నాన్న పోయాక ఆ అమ్మను టీచరు బహ్రెయిన్ తెచ్చుకుంది. వచ్చిననాటికే ఆవిడకు మతిమరుపు పట్టుకుంది. గుప్పెడు మనిషి. తెల్ల ఖద్దరు చీర. పళ్ళెం, గ్లాసు తలగడ పక్కనే పెట్టుకునేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వీధి తలుపులో తాళం తిరిగితే చాలు, ఎక్కడున్నా లేచి నిలబడేది. కూతుర్ని గుర్తుపట్టేది కాదు. ఎవరో పెద్ద ఉద్యోగస్తురాలనుకుని టీచరుగారూ అని మర్యాదగా పిలిచేది. టీచరు నవ్వుతూ పలికేది. పలికాక మొహం అటు తిప్పుకునేది.

మహూజ్‌లో వాళ్ళ ఫ్లాటు. పొద్దున టీచరు స్కూలుకు, వాళ్ళాయన ఆఫీసుకు పోతే ఆవిడ ఒంటరి. ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం టీచరుకు ఇష్టం లేదు, పనమ్మాయిల అవస్థలు చూసిన మనిషి కనుక. అందుకని ఆవిడ దగ్గర కూర్చోవడం మా సంఘం పనైంది. ఊళ్ళోవాళ్ళందరికీ చేస్తున్నాం, జైలుకెళ్ళొచ్చిన తల్లికి చెయ్యలేమా అన్నారు అందరూ. వంతులేసుకున్నాం. మా వాళ్ళు దాన్ని మామ్మగారి డ్యూటీ అనేవారు. నా వంతు రోజున మా ఆయన డ్యూటీకి పోతూ నన్ను దింపేవాడు. నలుగురిలో నేనూ మామ్మగారనే పిలిచేదాన్ని గానీ, ఇద్దరమే ఉన్నప్పుడు అవ్వా అనేదాన్ని. ఆవిడకు రెండూ ఒకటే.

ఆవిడ మాట్లాడేది తక్కువ. అడిగేది మాత్రం ఒకటే. "పిల్లకి పాలు పట్టారా?"

మొదట్లో రిఫా నుంచి వచ్చే ఒకామె తెలియక, ఏ పిల్లండీ అనేసింది. అంతే, మామ్మగారు లేచి గదులన్నీ వెతకడం మొదలుపెట్టింది. మంచాల కింద, పరదాల వెనక, బట్టల బుట్టలో. ఆ పూట ఆవిడను ఒక చోట కూర్చోబెట్టేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు వంతుకొచ్చినామె తెలివైంది. పట్టామండీ, పాలు తాగి పడుకుంది అని చెప్పింది. మామ్మగారు సరే అని తల ఊపి, కిటికీ దగ్గర కూర్చుంది. ఈ సంగతి చెవినుంచి చెవికి పాకి, బీపీ మాత్రలాగా అందరం అదే మాట వాడటం మొదలుపెట్టాం. అడిగినప్పుడల్లా, పాలు తాగి పడుకుంది. నేనూ అన్నాను, ఎన్నోసార్లు.

మా సంఘంలో ఒక బ్యాంకాయన భార్య ఉండేది. కవితలు రాసేది. ఆగస్టు పండగ గురించి మాట్లాడుకుంటున్న మీటింగులో ఆమె లేచి, మామ్మగారు అడిగేది మామూలు పిల్లను కాదు, దేశాన్ని అంది. స్వాతంత్ర్యం పసిబిడ్డ, దాన్ని కని మన చేతుల్లో పెట్టిన తల్లి ఆవిడ, జ్ఞాపకాలన్నీ పోయినా మనం ఆ బిడ్డను సరిగ్గా చూస్తున్నామా లేదా అని మాత్రం అడుగుతూనే ఉంది – ఇలా చెప్పుకుపోయింది. గదిలో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. టీచరైతే చెప్పనే అక్కర్లేదు. ఏళ్ళ తరబడి తనను గుర్తుపట్టని తల్లి దేశాన్ని మరచిపోలేదని వినడం ఆమెకు ఎంత ఊరటో మొహం చూస్తే తెలిసింది. అక్కడికక్కడే ప్రోగ్రాం ఖాయమైంది. స్టేజీ మీద పూలు చుట్టిన ఉయ్యాల, అందులో మూడు రంగుల గుడ్డలో బొమ్మ. మామ్మగారు కూర్చుని ఊపుతుంటే మేమందరం చుట్టూ చేరి జోలపాట పాడాలి. పాట బ్యాంకామె రాస్తుంది.

నేను నోరు మూసుకుని ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. పాలు పట్టారా అని అడిగే గొంతు నాకు తెలుసు, దేశానికెవరన్నా పాలు పడతారా అన్నాను. ఆయన అన్నం తింటూ, పెద్దవాళ్ళ సంఘంలో నీకెందుకే పంచాయితీ అన్నాడు. నిజమేలే అనుకున్నాను.

ఆగస్టు దగ్గర పడింది. ఒక పొద్దున నేను మామ్మగారి దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆవిడ అడిగింది. నేను తలెత్తకుండానే మామూలుగా, పాలు తాగి పడుకుంది అవ్వా అన్నాను. ఎప్పటిలా తల ఊపి ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు.

"మా మరిదీ ఇదే మాట చెప్పేవాడమ్మా. కటకటాల అవతల నిలబడి, పాలు తాగి పడుకుంది వదినా అనేవాడు. ఎప్పుడొచ్చినా పడుకునే ఉండేది. ఒక్కసారన్నా ఏడుస్తోందని చెప్పుంటే నమ్మేదాన్ని."

నా చేతులు చేటలోనే ఆగిపోయాయి. ఎవరి పాప అవ్వా అని అడిగాను. నాదే అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. చంటిపిల్లకి జైలెందుకని వాళ్ళ అత్తగారు ఒళ్ళోంచి తీసేసుకుందట. లోపలికెళ్ళాక పాలు గడ్డకట్టి జ్వరమొచ్చిందట. పిండి గోడకి పోసేదాన్ని అంది. ఆ గోడ ఇప్పుడు ఎదురుగా ఉన్నట్టే చూసింది. వదిలిపెట్టాక ఇంటికెళ్తే దూలానికి ఉయ్యాల తాళ్ళు కూడా విప్పేసి ఉన్నాయట. ఎవరూ ఏమీ చెప్పలేదట, ఆవిడా అడగలేదట. అంతవరకు చెప్పి, నా మొహంలోకి కొత్తగా చూసి, పిల్లకి పాలు పట్టారా అంది మళ్ళీ. లేచి గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

టీచరు స్కూలు నుంచి వచ్చేదాకా ఆగి, వంటింట్లో చెప్పాను. ఆమె మొహం గట్టిపడింది. మా అమ్మకి నేనొక్కదాన్నే సంతానం, మతిలేని మనిషి మాటలు పట్టుకుని కొత్త చరిత్ర రాస్తావా అంది. నాకూ కోపమొచ్చింది.

"నేనేం చరిత్ర రాస్తలేను టీచరమ్మా. అవ్వ చెప్పింది మీకు చెప్తున్న. ఆమె ముంగట ఉయ్యాల మాత్రం పెట్టకుండ్రి."

చెప్పి వచ్చేశాను. ఆ వారం డ్యూటీకి పోలేదు. సంఘంలో నా పని ఖలాస్ అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం పొద్దున టీచరే మా ఇంటికొచ్చింది. అంతవరకు ఆమె మా మెట్లెక్కింది లేదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా చాప మీద కూలబడింది. ఊళ్ళో ఉన్న వాళ్ళ పిన్నికి ఫోన్ చేసిందట. ఆ మరిది భార్యే ఈ పిన్ని. ఆయన ఎప్పుడో పోయాడు, ఆవిడ ఉంది. ముందు ఏమీ తెలియదందట. తర్వాత ఏడ్చిందట. ఆడపిల్ల. తల్లి జైలుకెళ్ళిన కొద్దిరోజులకే విరేచనాలు పట్టుకుని పోయింది. చెబితే ఆ పిచ్చిది క్షమాపణ రాసిచ్చి పరిగెత్తుకొస్తుంది, ఇంటి పరువు పోతుంది అని పెద్దలు కూర్చుని నిర్ణయించారట. తల్లికి అనుమానం రాకుండా ప్రతి ములాఖాతుకూ మరిదిని పంపారట.

"మా నాన్నకి తెలుసు. ఆయనున్న జైలుకి పెద్దలు కబురు పంపి అడిగారు. చెప్పొద్దన్నది ఆయనే" అంది టీచరు. మళ్ళీ అంది, "అమ్మ రాయలేదు, అమ్మ రాయలేదు అని ఇన్నేళ్ళూ స్టేజీలెక్కి చెప్పాను. రాసే దారి లేకుండా చేశారు. నాకొక అక్క ఉండేది."

నాకు ఆ చచ్చిపోయిన పెద్దమనుషులందరి మీదా ఒళ్ళు మండిపోయింది. దేశం పెద్దదే, కాదనను. బ్రిటిషువాడు ఆమెను జైల్లో పెట్టాడు సరే, ఇంటివాళ్ళు పెట్టిన జైలు సంగతేమిటి? ఆ మాట పైకే అన్నాను. టీచరు కాదనలేదు. అంతకన్నా ఘోరం ఇంకొకటి. వాళ్ళు అన్న మాటనే, అక్షరం పొల్లుపోకుండా, మేమందరం ప్రేమతో మళ్ళీ ఆవిడకు అప్పజెప్పాం. ఇంత సముద్రం దాటొచ్చినా ఆవిడకు అదే కటకటాల దగ్గర నిలబడక తప్పలేదు.

ఆగస్టు ప్రోగ్రాంలో ఉయ్యాల లేదు. బొమ్మకు బట్టలు కుట్టిందాకా వచ్చాక ఎందుకు మాన్పించారని కొందరు సణిగారు, బ్యాంకామె కొన్నాళ్ళు అలిగింది. టీచరు అప్పటికి ఎవరికీ వివరం చెప్పలేదు. మామ్మగారిని హాలుకు తేలేదు. రెండు మాటలు మాట్లాడి దిగిపోయింది. ఆ చప్పట్ల చోటు వచ్చేసరికి మేమంతా అలవాటుగా చూశాం, ఆమె ఆ మాట ఎత్తనే లేదు.

కానీ ఇంట్లో అడిగే ప్రశ్నకు జవాబేమిటి? నిజం చెబితే ముసలి ప్రాణం తట్టుకుంటుందా, రోజూ మరచిపోయే మనిషికి రోజూ కొత్తగా చావు కబురు చెబుతారా అన్నారు విషయం తెలిసిన ఒకరిద్దరు. అందులో తప్పేమీ లేదు. టీచరు మాత్రం, ఇంకెవ్వరూ మా అమ్మతో ఆ మాట అనొద్దు అని తేల్చేసింది. ఒక శుక్రవారం నన్ను రమ్మంది. ఒక్కదాన్నే చెప్పలేను, నువ్వు పక్కన ఉండు అంది.

మామ్మగారు మామూలుగానే అడిగింది. టీచరు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, పాప లేదమ్మా, నువ్వు జైల్లో ఉండగానే జబ్బు చేసి పోయింది అని చెప్పింది. ఏడవకుండా చెప్పింది, క్లాసులో పాఠం చెప్పినట్టు నిదానంగా. మామ్మగారు చాలాసేపు ఆమెనే చూసింది. నేను ఏ క్షణాన ఆవిడ విరుచుకు పడిపోతుందోనని కుర్చీ అంచున కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు. ఎవరో ఎత్తుకున్న బరువు దింపినట్టు ఆవిడ భుజాలు కిందికి జారాయి. అప్పుడు అడిగింది.

"ఎక్కడ పెట్టారు?"

చంటిపిల్లల్ని మనం కాల్చం, పూడుస్తాం. ఆవిడ అడిగింది ఆ చోటు. పిన్ని తర్వాత కాపురానికొచ్చింది, ఆమెకు తెలియదు. చేతుల మీద తీసుకుపోయిన మరిది లేడు. తెలీదమ్మా అంది టీచరు. మామ్మగారు కోప్పడలేదు. కనుక్కో అంది.

ఆ రోజు నుంచి పాల సంగతి మళ్ళీ ఎత్తలేదు. అన్నీ మరచిపోయే మనిషి ఆ ఒక్క చావు కబురు మాత్రం మరచిపోలేదు. ఎక్కడ పెట్టారు అని అడిగేది, కనుక్కున్నారా అని మమ్మల్ని కూడా అడిగేది. కనుక్కుంటున్నాం మామ్మగారూ అనేవాళ్ళం. చరిత్ర కోసం పెట్టిన సంఘం మాది. తారీఖులు, సత్యాగ్రహాలు ఏదడిగినా ఎవరో ఒకరు చెప్పగలరు. ఈ ఒక్కటి చెప్పేవాళ్ళు లేరు.

చలికాలం సెలవులివ్వగానే టీచరు ఇండియా వెళ్ళింది. ఉన్నన్నాళ్ళూ మేం మామ్మగారిని వంతులతో చూసుకున్నాం. తిరిగొచ్చే రోజు టీచరు భర్త డ్యూటీలో ఉంటే నేనూ మా ఆయనా వ్యాను తీసుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. ఆమె నల్లగా కమిలిపోయి దిగింది. వంతెన మీద సముద్రం కనిపించాక చెప్పడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక ముసలాయన దొరికాడట. పసిపిల్లల్ని ఊరి కింద కాలవ గట్టు పక్కన పూడ్చేవాళ్ళమని చెయ్యి చూపించాడట. చూపించిన వైపు అంతా రొయ్యల చెరువులు. మిషన్లతో తవ్వేశారు, గట్టు కూడా మిగల్లేదు. కనుచూపు మేర నీళ్ళూ, మోటార్ల మోతా. ఒక్క చెట్టు లేదు.

"అమ్మకి ఏం చెప్పమంటావు?" అంది.

మా ఆయన అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

తలుపు తీయగానే మామ్మగారు లేచి నిలబడింది. టీచరు చేతిలో బ్యాగు అక్కడే వదిలి, చెప్పులతోనే పోయి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. మామ్మగారు అడగాల్సింది అడిగింది.

"మన కాలవ గట్టు పక్కనమ్మా" అంది టీచరు.

మామ్మగారు ఆలోచించింది. ఆ గట్టు ఆవిడకు తెలుసు కాబోలు, కళ్ళు మూసుకుని ఆ దారంతా నడిచొచ్చినట్టు కాసేపు అలాగే ఉండి, "నీడ ఉందా అక్కడ?" అంది.

టీచరు తలెత్తి నా వైపు చూసింది. అబద్ధం వద్దని పట్టుబట్టి ఇంత దూరం వచ్చిన మనిషి. ఆమె ఏమన్నా తప్పనడానికి నాకు నోరు లేదు.

"ఉందమ్మా. చాలా ఉంది" అంది.

మామ్మగారు తల ఊపింది. తర్వాత టీచరు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఎండకు కమిలిన చెంపలు బొటనవేలితో రుద్ది చూసింది. "నువ్వేమన్నా తిన్నావా అమ్మాయ్?" అంది. టీచరుగారూ అనలేదు. అమ్మాయ్ అంది.

లేదమ్మా అని చెప్పి, టీచరు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగాను.